రిబ్బను కింది రంగు

సూదమ్మ అన్నది ఆమెకు వీధి పెట్టిన పేరు. చేతిలో ఎప్పుడూ సూది ఉంటుంది కాబట్టి అలా పెట్టారని ఆమె అనుకుంటుంది. నోట్లో కూడా ఒకటి ఉంటుంది కాబట్టి పెట్టారని వీధికి తెలుసు.

కొట్టు తండ్రి నాటిది. బోర్డు మీద ఇప్పటికీ ఆయన పేరే ఉంది. ఆ కింద 'సైనిక దుస్తుల దర్జీ' అన్న అక్షరాలు సగం రాలిపోయాయి. ముందు గదిలో కుట్టు మిషను, కత్తిరింపు బల్ల, నిలువుటద్దం, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక ఎత్తు పీట. పరదా వెనక ఇస్త్రీ బల్ల. ఆ బల్ల దగ్గర ఉండేది ఆమె భర్త. ఆయన్ని అందరూ డ్రైవరు అంటారు. ఆయన స్టీరింగు ముట్టుకుని ముప్ఫై ఆరేళ్ళయింది. అయినా ఆ పేరు పోలేదు. పోకపోగా, పిలిచిన ప్రతిసారీ ఆయనకు ఎక్కడ గుచ్చుకుంటుందో సూదమ్మ ఒక్కతెకే తెలుసు.

సైన్యం నుంచి ఇంటికి పంపేటప్పుడు ఆయన సర్వీసు పుస్తకంలో ఒక వాక్యం రాసి పంపారు. 'ఆజ్ఞ లేకుండా స్థానం వదిలి వెళ్ళాడు.' కుంటి కాలితో ఆ పుస్తకం పట్టుకుని ఆయన తిరగని బస్సు డిపో లేదు, లారీ ఆఫీసు లేదు. అందరూ పుస్తకం తెరిచేవారు, ఆ వాక్యం దగ్గర ఆగేవారు, పుస్తకం మూసి మర్యాదగా వెనక్కి ఇచ్చేవారు. చివరికి మామగారు ఇస్త్రీ పెట్టె చేతికిచ్చి, ఇది మాత్రం ఎవరి పుస్తకమూ అడగదు అల్లుడూ అన్నారు. అప్పటినుంచీ ఆయన లోకం పరదాకి అవతలే.

ఆ రోజు ఏం జరిగిందో ఆయన పెళ్ళైన కొత్తలో భార్యకు ఒక్కసారి చెప్పాడు. వాగు అవతల గాయపడ్డవాళ్ళు పడి ఉన్నారు. వంతెన ఒక పక్క కూలిపోయింది. బండ్లు కదలకూడదని ఆజ్ఞ. ఈయన కదిలించాడు. ఎడమ చక్రాలు రోడ్డు మీద, కుడి చక్రాలు జానెడు వెడల్పు ఇనుప దూలం మీద పెట్టి, తల బయటికి చాపి చూసుకుంటూ మూడుసార్లు వెళ్ళి వచ్చాడు. పదకొండు మందిని తెచ్చాడు. మూడోసారి తిరిగొస్తుండగా గుండు పడి కాలు పోయినంత పనైంది. ఆసుపత్రిలో నాలుగు నెలలు ఉండి బయటికొచ్చేసరికి పుస్తకంలో ఆ వాక్యం సిద్ధంగా ఉంది. ఎవరు రాశారని ఆమె అడిగింది. ఎవరైతే ఏంలే అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు. ఆ మాట అక్కడితో ముగిసింది.

ఇక కెప్టెన్ సారు సంగతి. ఉద్యోగం మానేసి చాలా ఏళ్ళయినా ఆయన కెప్టెనే. ఏడాదికోసారి మాజీ సైనికుల కవాతు ఉంటుంది. దానికి వారం ముందు తన నీలం కోటు పట్టుకుని వస్తాడు. గుండీ బిగించమనో, లైనింగు మార్చమనో అంటాడు. పీట మీద కూర్చుని, అమ్మాయ్, మీ నాన్న చెయ్యే వేరు అంటాడు. సూదమ్మకు యాభై రెండేళ్ళు. ఆయనకింకా అమ్మాయే. కోటు ఎడమ గుండె మీద నాలుగు రిబ్బన్లుంటాయి. అన్నిటికంటే పైన ఉన్నది ఎరుపూ తెలుపూ చారలది, సాహస పతకానిది. ఆ ఊళ్ళో ఇంకెవరి గుండె మీదా అది లేదు.

ఈ ఏడు ఆ రిబ్బను మీద ఆయనకు అనుమానం వచ్చింది. ఎరుపు గులాబి అయిపోయింది, కొత్తది వెయ్యమన్నాడు. సూదమ్మ పాతది విప్పింది. కింద గుడ్డ కొన్ననాటి నీలం. చుట్టూ కోటంతా ఎండకు వెలిసి బూడిద రంగుకు దిగింది. కొత్త రిబ్బను సరిగ్గా ఆ నీలం మీదే పడాలి, అంచు దాటకూడదు అనుకుంది. అప్పటికి ఆమెకున్న చింత అంతే.

రిబ్బను వెయ్యాలంటే దానికి ఆధారం కాగితం, అంటే పతకం ఇచ్చిన ఉత్తర్వు, చూడాలి. అది తండ్రి పెట్టిన రూలు. ఎవడు పడితే వాడొచ్చి గుండె మీద రంగులు కుట్టమంటే కుట్టే కొట్టు కాదిది అనేవాడాయన. ఆయన చూసేది మాత్రం పైన ముద్రా, కింద నంబరూ. మధ్యలో ఏం రాసి ఉందో చదివే ఓపిక ఆయనకు లేదు. సూదమ్మకు కాగితం కనబడితే చదవకుండా వదలని జబ్బుంది. చదివింది.

కెప్టెన్ ఇచ్చి వెళ్ళిన ఆ ఉత్తర్వులో తేదీ ఉంది, వాగు ఉంది. కెప్టెన్ గారు స్వయంగా బండి నడిపి, కూలిన వంతెన మీద కుడి చక్రాలను ఇనుప దూలంపై నిలిపి, మూడు పర్యాయాలు వెళ్ళి పదకొండు మంది క్షతగాత్రులను కాపాడారని ఉంది.

ఆమె కాగితం రెండోసారి చదివింది, మూడోసారి చదివింది. తర్వాత పరదా పక్కకు లాగింది. డ్రైవరు ఎవరిదో చొక్కా చెయ్యి మడత పెడుతున్నాడు.

"ఈ కోటు ఎవరిదో మీకు తెలుసా?"

ఆయన కోటు వంక చూశాడు గాని ఆమె వంక చూడలేదు. "తెలుసు."

"ఈ రిబ్బను ఎవరిదో తెలుసా?"

"తెలుసు. ఇస్త్రీ చేసేటప్పుడు దాని మీద తడిగుడ్డ వేసేవాణ్ణి. రంగు మాడిపోతుందని."

సూదమ్మ ముందు మొగుణ్ణి చంపాలో కెప్టెన్ని చంపాలో తేల్చుకోలేకపోయింది. ఏడాదికోసారి, ముప్ఫై ఏళ్ళు, దొంగిలించినవాడి కోటు దొంగతనం పోయినవాడు మాడకుండా ఇస్త్రీ చేశాడు. అందులో సగం ఏళ్ళు దానికి గుండీలు బిగించింది తను. పీట తుడిచి కూర్చోబెట్టింది తను.

ఎందుకు చెప్పలేదని నిలదీస్తే డ్రైవరు చెప్పింది నాలుగు ముక్కలే. మొదటి ఏడాదే అర్జీ పెట్టాడట. కాగితం కెప్టెన్ గారి వైపుంది, నీ వైపు ఏముంది అన్నారట. ఉన్నదల్లా ఆ ఒక్క వాక్యం, అదీ తనకు ఎదురు చెప్పే వాక్యం. ఆ తర్వాత అడగడం సిగ్గనిపించిందట. "నాకు పతకం అక్కర్లేదే. ఆ వాక్యం ఒక్కటి పోతే చాలనుకున్నాను. అదీ పోదని తెలిసింది. ఊరుకున్నాను."

"మీరు ఊరుకోండి. నేను ఊరుకోను," అంది సూదమ్మ.

ఆ మధ్యాహ్నం ఆమె కొత్త రిబ్బను కుట్టింది. అవును, కుట్టింది. దారం రెండు పేటలు చేసి, నాలుగు వైపులా ఆవగింజంత కుట్లతో, తండ్రి కూడా ఎన్నడూ కుట్టనంత గట్టిగా కుట్టింది. అది దానంతటది ఊడకూడదు. ఇంకెవరి చేతా ఊడకూడదు. ఊడదీసేది తనే కావాలి. కెప్టెన్ వచ్చి కోటు తొడుక్కుని అద్దంలో అటూ ఇటూ తిరిగి, భేష్ అన్నాడు. ఆమె చిరునవ్వు నవ్వి, ఇంక కదలదు సార్ అంది.

మర్నాడే సర్వీసు రికార్డుల ఆఫీసుకు వెళ్ళింది. దిద్దుబాట్ల విభాగంలో ఒక కళ్ళద్దాల గుమాస్తా ఉంది. మొహం చూస్తే మేకు మింగినట్టుంటుంది గాని పని తెలిసిన మనిషి. అంతా విని, అక్కా, నువ్వు చెప్పేది నేను నమ్ముతాను, నా నమ్మకంతో ఇక్కడ పనిలేదు అంది. ఇప్పుడు రాసిన సాక్ష్యాలు చెల్లవు. ఆ రోజుల్లో, ఆ గొడవతో సంబంధం లేనివాళ్ళు రాసిన కాగితం కావాలి. ఆ తేదీన బండి నడిపింది కెప్టెన్ కాదని దాన్నిబట్టి తేలాలి. దొరికితే ఇలాంటి తప్పులు తేల్చే దిద్దుబాట్ల బోర్డు ముందు పెడతాను అంది.

దారంతా పళ్ళు నూరుకుంటూ నడిచింది సూదమ్మ. ఆ రోజుల కాగితాలంటే తన దగ్గరేముంటాయి, నాన్న కొలతల పుస్తకాలు తప్ప? కొలతల పుస్తకం అన్న మాట మనసులో పడగానే నడక ఆగింది. తను పదహారేళ్ళ పిల్లప్పుడు తండ్రి పక్కన కూర్చుని కాజాలు కుట్టేది. పటాలం కొండల మీదికి పోయే ముందు ఒక ఆఫీసరు వచ్చాడు. మెట్ల మీద జారిపడి చెయ్యి విరిగింది, పిండికట్టు ఉంది. కోటు చెయ్యి ఎక్కడం లేదు, విప్పి హుక్కులు పెట్టమన్నాడు. కట్టుతోనే పటాలం వెంట వెళతానని పట్టుబట్టాడట. ఆ పౌరుషం మాత్రం నిజమే, దాన్ని కాదనడానికి వీల్లేదు. ఆ ఆఫీసరు ఈయనే.

వేళ్ళ దగ్గర నుంచి చంక దాకా పిండికట్టున్న మనిషి, ఒక చేత్తో స్టీరింగు తిప్పి ఒక చేత్తో గేరు వేసే సైనిక లారీని ఇనుప దూలం మీద నడిపాడు. అదీ మూడుసార్లు!

కొట్టుకు వచ్చి అటక మీది ట్రంకు పెట్టె దించింది. దించాక గాని తను చేసిన ఘనకార్యం గుర్తు రాలేదు. తండ్రి పోయాక ఆ పుస్తకాలు ఎందుకులే అనుకుంది. కాగితం మందంగా ఉంది, నమూనాలకు బాగుంటుందనుకుంది. పదకొండేళ్ళుగా ఒక్కో పేజీ చింపి కాలర్లూ జేబులూ కఫ్‌లూ కోసుకుంటూ వచ్చింది. ఏ దర్జీ అయినా చేసే పనే. ఏ దర్జీ అయినా ఆ క్షణంలో తన చేతుల్ని తనే నరుక్కోవాలనుకుంటాడు.

నాలుగు రోజులు కొట్టు మూసింది. మేకులకు వేలాడుతున్న నమూనా కట్టలన్నీ నేల మీద పరిచింది. తండ్రి గుండ్రటి రాత ఎక్కడ కనబడితే అక్కడ వంగి చదివింది. ఒకరి నడుము సగం, ఒకరి భుజం పావు, ఒకరి తేదీ ఉంటే మనిషి లేడు. మూడోరోజు ఒక చిన్నపిల్ల గౌను కాలరు దొరికింది. దాని మీద ఆ వాగు తేదీకి తొమ్మిది రోజుల ముందు తేదీ, కెప్టెన్ పేరు. 'కుడిచేతికి పిండికట్టు, వేళ్ళ నుంచి చంక వరకు. మోచేతి చుట్టు కట్టుతో పంతొమ్మిది అంగుళాలు. చెయ్యి విప్పి ఆరు హుక్కులు.' కింద తీసుకున్నవారి సంతకం, ఎడమచేత్తో పెట్టింది, కోడి గీరినట్టు.

పరుగున తీసుకెళితే గుమాస్తా కాలర్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత పొట్టి కాగితం ఎప్పుడూ చూడలేదక్కా అంది. నవ్వలేదు. తొమ్మిది రోజుల్లో కట్టు విప్పేశామంటారు, విప్పిన తేదీ ఏదీ అని అడిగింది. అది పేజీలో కింది సగంలో ఉండాలి. తిరిగి కుట్టినప్పుడు తండ్రి అక్కడే రాసేవాడు. కింది సగం ఏమైందో దేవుడికే ఎరుక.

నాలుగోరోజు సాయంత్రానికి సూదమ్మ కాగితాల మధ్య కూలబడి ఏడ్చింది. కోపంతో ఏడ్చింది. డ్రైవరు ఈ నాలుగు రోజులూ ఒక్క కాగితం ముట్టుకోలేదు. వద్దన్నవాడు కదా. పరదా సందులోంచి ఆమెను చూసి, ఇస్త్రీ బల్ల కిందికి వంగాడు. ఆ బల్లకు ఒక కాలు పొట్టి. దాని కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం ఎన్నో ఏళ్ళుగా ఉంది. దాన్ని లాగి, దులిపి, మడత విప్పి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"కఫ్ కోసి పారేశావు ఒకసారి. దాని మీద మామయ్య రాత ఉందని నేనే తీసి పెట్టాను. ఏం రాసుందో చూడలేదు," అన్నాడు.

నలిగి నల్లబడిన ఆ కఫ్ కాలరు అంచుకు అతికినట్టు సరిపోయింది. 'పిండికట్టు విప్పారు. చెయ్యి చిక్కింది. హుక్కులు తీసి మామూలుగా కుట్టాలి.' తేదీ వాగు సంగతి జరిగిన ఇరవై మూడు రోజుల తర్వాతది. సంతకం కుడిచేతిది, గుండ్రంగా, దర్జాగా ఉంది. అప్పటినుంచీ ఇస్త్రీ బల్ల ఊగుతూనే ఉంది. వేరే కాగితం పెడతానంటే డ్రైవరు ఒప్పుకోలేదు.

బోర్డు ముందుకు కెప్టెన్ ఆ నీలం కోటు తొడుక్కునే వచ్చాడు. రిబ్బను తళతళలాడుతోంది. ముగ్గురు సభ్యులు, మధ్యలో తల నెరిసిన అధ్యక్షురాలు. గుమాస్తా గాజు పలకల మధ్య కాలర్నీ కఫ్‌నీ బల్ల మీద పెట్టింది. అప్పటిదాకా డ్రైవర్ని చూసి కూడా చూడనట్టున్న కెప్టెన్ వాటిని చూసి నవ్వాడు. అది బెణుకు మాత్రమే, దర్జీ ముసలాయన ఎక్కువ చేసి రాశాడన్నాడు. అధ్యక్షురాలు సూదమ్మ వైపు చూసింది.

సూదమ్మ లేచింది. నెలల తరబడి మనసులో నూరిపెట్టుకున్న తిట్లు వంద ఉన్నాయి. ఒక్కటీ వాడలేదు.

"సారు మోచేతి చుట్టు మామూలుగా పదకొండున్నర అండి. ఆ రోజు పంతొమ్మిది. బెణికితే ఏడున్నర అంగుళాలు వాయదండి. కావాలంటే ఇప్పుడు కొలుస్తాను, టేపు తెచ్చాను."

ఎవరూ కొలవమనలేదు. కెప్టెన్ కుడిచేతిని బల్ల కిందికి దించుకోవడం మాత్రం అందరూ చూశారు. సైనిక ఆసుపత్రి పాత రిజిస్టరు నుంచి ఎముక కట్టిన తేదీని గుమాస్తా ముందే తెప్పించి పెట్టింది. అది కాలరు తేదీకి ముందురోజు. డ్రైవరు స్థానం వదిలాడన్న వాక్యం పక్కనున్న తేదీ, బండి వంతెన దాటిన తేదీ ఒక్కటేనని కూడా చూపింది. ఆ తర్వాత కెప్టెన్ నీళ్ళు నమిలాడు. ఆయన తడబడుతున్నంతసేపూ సూదమ్మ కళ్ళార్పకుండా చూసింది. ఇంకొంచెం సేపు సాగితే బాగుండుననిపించింది. నిజం చెప్పాలంటే భర్తకు పతకం ఇస్తున్నామన్న మాట కంటే అదే ఆమెకు తియ్యగా ఉంది.

దిద్దుబాటు రోజున మాత్రం ఒక దెబ్బ తగిలింది. గుమాస్తా సర్వీసు పుస్తకం తెరిచి, ఆ వాక్యం మీద ఎర్రసిరాతో ఒకే ఒక్క గీత గీసింది. పక్కన సరైన సంగతి రాసింది. మొదట తప్పు రాసినవారు బతికుంటే దిద్దుబాటు కింద వాళ్ళే సంతకం చెయ్యాలట. కెప్టెన్ వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా చేసి వెళ్ళాడు. డ్రైవరు ఆ గీత మీద వేలు పెట్టి, ఇది చెరిపెయ్యరా అని అడిగాడు. చెరపకూడదని, గీత కింద అక్షరాలు కనబడుతూ ఉండాలని, రూలు అదేనని గుమాస్తా నెమ్మదిగా చెప్పింది. ఆయన తల ఊపాడు. డబ్బీలో పెట్టిచ్చిన పతకాన్ని జేబులో వేసుకుని ఇంటికి నడిచాడు. ఆయన కోరింది ఒక్కటే. ఆ వాక్యం పోవాలని. అది పోలేదు. చల్లారిందనుకున్న సూదమ్మ కోపం మళ్ళీ రాజుకుంది.

వారం తిరక్కుండా మిట్టమధ్యాహ్నం కెప్టెన్ కొట్టుకు వచ్చాడు. రిబ్బను తీసెయ్యాలని బోర్డు ఉత్తరం. ఇంట్లో కత్తెరతో ప్రయత్నించినట్టుంది, ఒక మూల దారం చిట్లింది గాని కుట్టు కదల్లేదు. పీట వైపు చూశాడు. దాని మీద గుడ్డల మూట ఉంది. సూదమ్మ దాన్ని తియ్యలేదు.

కోటు అందుకుని చిన్న కత్తెరతో ఒక్కో కుట్టూ విప్పింది. ఆవగింజంత కుట్లు, నాలుగు వైపులా. ముప్పావు గంట పట్టింది. అంతసేపూ కెప్టెన్ నిలబడే ఉన్నాడు. చివరి దారం లాగేసరికి రిబ్బను చేతిలోకి వచ్చింది. వెలిసిన కోటు మీద, సరిగ్గా గుండె దగ్గర, ముదురు నీలం ముక్క బయటపడింది. అక్కడేదో ఉండేదని, ఇప్పుడు లేదని, గది అవతల నుంచి కూడా తెలుస్తోంది.

కెప్టెన్ దాన్ని చాలాసేపు చూశాడు. "అమ్మాయ్, మిగతా మూడూ కాస్త పైకి జరిపితే ఇది కనబడదు కదా."

చిన్న పనే. ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు.

"కనబడదు సార్. కానీ జరపను," అంది సూదమ్మ. "మా ఆయన పుస్తకంలో మీరు రాసిన వాక్యం కూడా పోలేదు. గీత కింద కనబడుతూనే ఉంది. మీదీ కనబడనివ్వండి."

పరదా కదిలింది. డ్రైవరు కుంటుకుంటూ ముందు గదిలోకి వచ్చాడు. ఆ కొట్టులో కెప్టెన్ ఎదుటికి ఆయన రావడం అదే మొదటిసారి. కుట్లు విప్పిన చోట ముడత పడింది, ఇటివ్వండి సార్ అన్నాడు. కెప్టెన్ గతుక్కుమన్నాడు.

"నువ్వు... ఇక్కడే ఉన్నావా ఇన్నాళ్ళూ?"

"ఇక్కడే సార్. మీ కోటు ప్రతి ఏడూ నేనే ఇస్త్రీ చేశాను."

పరదా ఎత్తి ఉంచి, ఊగే బల్ల మీద కోటు పరిచాడు. ఎప్పుడూ వేసే తడిగుడ్డ ఈసారి వెయ్యలేదు. పెట్టె నేరుగా ఆ నీలం ముక్క మీద ఆనించి, అటూ ఇటూ నిదానంగా నడిపాడు. ముడతపోయి ముక్క ఇంకా స్పష్టంగా తేలింది. కావాలని చేశాడో అలవాటుగా చేశాడో సూదమ్మ అడగలేదు. మడత పెట్టి కెప్టెన్ చేతుల్లో పెట్టాడు.

కెప్టెన్ గుమ్మం వైపు తిరిగాడు. సూదమ్మ ఆగమంది. బల్ల సొరుగులోంచి పుస్తకం తీసి, తేదీ వేసి, 'సాహస పతకం రిబ్బను ఒకటి తీసివేత' అని రాసి, కలం ఆయన ముందు పెట్టింది. తీసుకున్నవారి సంతకం నాన్న పెట్టిన రూలు. ఆయన వంగి సంతకం చేశాడు. ఈసారి కుడిచేత్తోనే, కానీ కోడి గీరినట్టే వచ్చింది.

ఆమె సిరా ఆరేదాకా ఊది, పుస్తకం మూసింది.

"ఈ పుస్తకం మాత్రం నేను కత్తిరించను సార్," అంది.